ల్యాప్‌టాప్‌కు తోడుగా పోర్టబుల్ డిస్కు: టెరాబైట్ల కంటే ముందు తేల్చుకోవలసినవి

ల్యాప్‌టాప్‌లో చోటు చాలక బయట ఒక డిస్కు కొనాలనుకునే బంధుమిత్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఒక టెరాబైటు సరిపోతుందా లేక రెండు తీసుకోవాలా అన్నది. నా ఉద్దేశంలో అది రెండవ ప్రశ్న కావాలి. ఆ డిస్కు మీద రోజూ పని చేస్తామా, లేక పని పూర్తయిన ఫైళ్లను దానిలో దాచి అవసరమైనప్పుడు మాత్రమే తీసి చూస్తామా అన్నది మొదట తేల్చుకోవాలి. ఇది స్పష్టమైతే హార్డ్ డిస్కు కొనాలా, తిరిగే భాగాలు లేకుండా చిప్పులతో పనిచేసే ఎస్‌ఎస్‌డీ కొనాలా, ఎంత ఖర్చు పెట్టాలి అన్నవి చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి. మా కుటుంబంలోని పెళ్లిళ్ల వీడియోలు, అందరి ఫోన్లలోని ఫొటోలు, మా అమ్మమ్మ పాడిన మంగళహారతుల రికార్డింగులు ఒకచోట చేర్చి భద్రపరిచే బాధ్యత నాది కావడం వల్ల ఈ విషయాన్ని శ్రద్ధగా పరిశీలించవలసి వచ్చింది.

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 512 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డీ. విండోస్ దానిని 476 గిగాబైట్లుగా చూపిస్తుంది, అందులోనే విండోస్, ప్రోగ్రాములు, వాటి అప్‌డేట్లు కూడా సర్దుకోవాలి. మరోవైపు ఐఫోన్‌లో తీసిన 4కే వీడియో, సెకనుకు 30 ఫ్రేములైతే నిమిషానికి సుమారు 170 మెగాబైట్లు, 60 ఫ్రేములైతే సుమారు 400 మెగాబైట్లు తీసుకుంటుంది. అంటే ఇంట్లో జరిగిన సత్యనారాయణ వ్రతాన్ని ఒక గంటసేపు చిత్రీకరిస్తే 10 నుంచి 24 గిగాబైట్లు అక్కడికే అయిపోతాయి. అయితే బయటి డిస్కు కొనే ముందు ల్యాప్‌టాప్ మోడల్ వివరాలు ఒకసారి చూడడం మంచిది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో రెండవ ఎం.2 స్లాట్, అంటే లోపల ఎస్‌ఎస్‌డీని అమర్చే చోటు, ఖాళీగా ఉంటుంది. అక్కడ ఇంకొక ఎస్‌ఎస్‌డీ వేయించుకోగలిగితే రోజువారీ పనికి అంతకంటే సుఖమైన మార్గం లేదు.

ఇక బయటి డిస్కుల్లో రెండు జాతులున్నాయి. హార్డ్ డిస్కులో అయస్కాంత పూత ఉన్న పలకలు, పోర్టబుల్ రకాల్లో సాధారణంగా నిమిషానికి 5400 చుట్ల చొప్పున తిరుగుతూ ఉంటే, సమాచారాన్ని చదివే, రాసే హెడ్డు ఆ పలకలకు కొన్ని నానోమీటర్ల ఎత్తులో, వాటిని తాకకుండా తేలుతూ ఉంటుంది. తిరుగుతున్న సమయంలో డిస్కు బల్ల మీద నుంచి జారిపడితే హెడ్డు పలకను గీసే ప్రమాదం ఉన్నది అందుకే. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలే లేవు, ఉన్నవన్నీ చిప్పులు. అది చిన్నపాటి దెబ్బలకు తట్టుకుంటుంది, శబ్దం చేయదు, జేబులో పడుతుంది. ధర మాత్రం అదే పరిమాణం గల హార్డ్ డిస్కుతో పోలిస్తే చాలా ఎక్కువ. మరొక సంగతి కూడా చెప్పాలి. ప్రపంచంలో ఇప్పుడు హార్డ్ డిస్కులు తయారుచేస్తున్న సంస్థలు మూడే: సీగేట్, వెస్ట్రన్ డిజిటల్, తోషిబా. డబ్బా మీద ఇంకే పేరున్నా లోపల ఉండేది ఈ మూడింటిలో ఒకరి డిస్కే కాబట్టి, బ్రాండు గురించి గంటల తరబడి తర్కించడం కంటే వారంటీ షరతులు చదవడానికి ఆ సమయం వెచ్చించడం మేలు.

వేగంలో తేడా ఎంతో ఒక లెక్కతో చెబుతాను. పోర్టబుల్ హార్డ్ డిస్కు పెద్ద ఫైళ్లను సెకనుకు సుమారు 120 మెగాబైట్ల వేగంతో రాస్తుందనుకుంటే, 200 గిగాబైట్ల వీడియోలు చేరడానికి దాదాపు అరగంట పడుతుంది. సెకనుకు 1000 మెగాబైట్ల ఎస్‌ఎస్‌డీకి, ల్యాప్‌టాప్ కూడా అంత వేగంగా అందించగలిగితే, నాలుగు నిమిషాలు చాలు. అయితే అసలైన వ్యత్యాసం పెద్ద ఫైళ్ల దగ్గర కంటే చిన్న ఫైళ్ల దగ్గర బయటపడుతుంది. వేల కొద్దీ ఫొటోలు, ప్రోగ్రామింగ్ ప్రాజెక్టు ఫోల్డర్లు, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసుకునే తాత్కాలిక ఫైళ్లు వంటివాటి కోసం హార్డ్ డిస్కు హెడ్డు పలక మీద అటూ ఇటూ తిరగవలసి రావడంతో, పెట్టె మీద రాసిన వేగంలో కొంత భాగమే దక్కుతుంది. అందువల్ల బయటి డిస్కు మీదే వీడియో ఎడిట్ చేయాలన్నా, గేములు అక్కడి నుంచే ఆడాలన్నా, వర్చువల్ మెషీన్లు (కంప్యూటరులోనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటరు వంటివి) నడపాలన్నా ఎస్‌ఎస్‌డీ తీసుకోవలసిందే. సినిమాలు, పాత ఫొటోలు, పూర్తయిన ప్రాజెక్టులు దాచడానికైతే ఆ అరగంట కోసం అంత అదనపు ధర చెల్లించనక్కరలేదని నా అభిప్రాయం.

ఇంత వేగం గల డిస్కు కొన్నా దానికి తగిన పోర్టు, కేబుల్ లేకపోతే ఫలితం ఉండదు. యూఎస్‌బీ 2.0 పోర్టు సిద్ధాంతరీత్యా సెకనుకు 480 మెగాబిట్లు (ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు) పంపగలదు, ఆచరణలో 35 నుంచి 40 మెగాబైట్లు వస్తాయి. ఇందాకటి 200 గిగాబైట్లకు అక్కడ దాదాపు గంటన్నర పడుతుంది. యూఎస్‌బీ 3.0 వేగం సెకనుకు 5 గిగాబిట్లు. దీనినే తరువాతి కాలంలో 3.1 జెన్ 1 అనీ, 3.2 జెన్ 1 అనీ పేర్లు మార్చి పిలిచారు కాబట్టి ఈ మూడింటినీ వేర్వేరనుకొని కంగారు పడనవసరం లేదు. హార్డ్ డిస్కుకు అంతకు మించిన పోర్టు అక్కరలేదు. సెకనుకు 1000 మెగాబైట్ల ఎస్‌ఎస్‌డీకి మాత్రం 10 గిగాబిట్ల జెన్ 2 పోర్టు కావాలి. సెకనుకు 2000 మెగాబైట్లని ప్రకటించే యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీలలో చాలావాటికి 20 గిగాబిట్ల జెన్ 2×2 పోర్టు ఉండాలి. అది చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండదు, అది లేని ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే వేగం సగానికి పడిపోతుంది. టైప్-సి అన్నది పోర్టు ఆకారం మాత్రమే, వేగానికి హామీ కాదు. ఫోన్‌తో వచ్చే చాలా టైప్-సి ఛార్జింగ్ కేబుళ్లలో సమాచారం యూఎస్‌బీ 2.0 వేగంతోనే ప్రయాణిస్తుంది. డిస్కుతో పాటు వచ్చిన కేబుల్‌ను విడిగా గుర్తుపెట్టి దాచుకోమని నేను అందరికీ పదేపదే చెప్పడానికి కారణం ఇదే.

పెట్టె మీద సాధారణంగా కనిపించని విషయం ఇంకొకటి ఉంది. ఒక టెరాబైటు, అంతకు మించిన పోర్టబుల్ హార్డ్ డిస్కుల్లో ఎక్కువభాగం ఎస్‌ఎంఆర్ పద్ధతిలో పనిచేస్తాయి. పెంకుటిల్లు కప్పేటప్పుడు ఒక వరుస అంచు మీదికి మరొక వరుసను జరిపినట్టు, ఇందులో సమాచారపు ట్రాకులను ఒకదాని మీద ఒకటి కొంత కమ్ముకునేలా రాస్తారు. అందువల్ల అదే పలకలో ఎక్కువ సమాచారం పడుతుంది, ధర తగ్గుతుంది. అయితే మధ్యలో ఒక ట్రాకును మార్చాలంటే దాని పక్కనున్నవాటిని కూడా తిరిగి రాయాలి కాబట్టి, సగం నిండిన డిస్కులో ఫైళ్లు చెరిపి మళ్లీ పెద్ద మొత్తంలో రాస్తున్నప్పుడు వేగం ఒక్కసారిగా పడిపోతుంది. 2020లో నిరంతరం నడిచే స్టోరేజీ పెట్టెల కోసం అమ్మిన డిస్కుల్లో సైతం ఈ పద్ధతిని కొనుగోలుదారులకు చెప్పకుండా వాడారన్న విమర్శలు రావడంతో తయారీదారులు ఏ మోడల్ ఏ పద్ధతిదో జాబితాలు ప్రకటించవలసి వచ్చింది. ఒకసారి రాసి చాలాకాలం చదువుకునే అవసరానికి ఈ పద్ధతి వల్ల ఇబ్బందేమీ లేదు. రోజూ రాస్తూ చెరిపే పనికి మాత్రం ఇలాంటి డిస్కును నేను సిఫారసు చేయను. చవకైన ఎస్‌ఎస్‌డీలలోనూ ఇటువంటి పరిమితి ఉంది. వేగంగా రాసుకునే కొద్దిపాటి భాగం నిండిపోయాక వాటిలో కొన్నింటి వేగం హార్డ్ డిస్కు స్థాయికి దిగిపోతుంది.

పరిమాణం గురించి కొద్ది మాటలు చాలు. ఒక టెరాబైటు డిస్కు విండోస్‌లో 931 గిగాబైట్లుగా, రెండు టెరాబైట్లది 1.81 టెరాబైట్లుగా కనిపిస్తుంది. తయారీదారులు వెయ్యితో, విండోస్ 1024తో లెక్కించడమే ఇందుకు కారణం, అందులో మోసమేమీ లేదు. ఇప్పుడున్న ఫైళ్ల మొత్తానికి కనీసం రెట్టింపు తీసుకోవడం నా పద్ధతి. నాలుగైదు టెరాబైట్ల పోర్టబుల్ డిస్కులు కాస్త లావుగా, బరువుగా ఉంటాయన్నది గుర్తుంచుకుంటే చాలు.

ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్, మ్యాక్ రెండూ ఉన్నవారు ఫైళ్లు ఎక్కించక ముందే ఫార్మాట్, అంటే డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి, ఏదో నిర్ణయించుకోవాలి, ఎందుకంటే తరువాత మార్చాలంటే డిస్కు మొత్తం ఖాళీ చేయవలసి వస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉన్న డిస్కును మ్యాక్ చదువుతుంది గానీ, అదనపు సాఫ్ట్‌వేర్ లేకుండా దాని మీద రాయదు. ఎక్స్‌ఫ్యాట్‌ను రెండూ చదువుతాయి, రాస్తాయి. పాత ఫ్యాట్32లో 4 గిగాబైట్ల కంటే పెద్ద ఫైలు పట్టదు కాబట్టి వీడియోలకు అది పనికిరాదు. విండోస్ మాత్రమే వాడేవారు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనే ఉంచుకోవడం మంచిది. రాస్తుండగా కేబుల్ ఊడిపోతే దెబ్బతిన్న ఫైల్ వ్యవస్థను చక్కదిద్దుకునే ఏర్పాటు దానిలో ఉంది, ఎక్స్‌ఫ్యాట్‌లో లేదు.

రెండున్నర అంగుళాల పోర్టబుల్ డిస్కు యూఎస్‌బీ కేబుల్ ద్వారానే కరెంటు తీసుకుంటుంది. మూడున్నర అంగుళాల డెస్క్‌టాప్ రకం, అదే ధరకు ఎక్కువ చోటు ఇచ్చినా, విడిగా అడాప్టరు కోరుతుంది. కరెంటు తరచూ పోయే ఊళ్లలో, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉన్నా రాస్తున్న డిస్కు మధ్యలో ఆగిపోతుంది కాబట్టి, ఇన్వర్టరు లేని ఇంటికి నేను దానిని సూచించను. ఇక వేడి సంగతి. చాలా పోర్టబుల్ హార్డ్ డిస్కుల వివరాల పత్రంలో 5 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడమని ఉంటుంది. రెంటచింతలలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గది ఉష్ణోగ్రత ఆ హద్దును సులువుగా దాటుతుంది. వేసవిలో వందల గిగాబైట్ల కాపీని తెల్లవారుజామునో, రాత్రి చల్లబడ్డాకనో పెట్టుకోవడం, డిస్కును పరుపు మీద కాకుండా గాలి ఆడే బల్ల మీద ఉంచడం నాకు అలవాటు.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న విషయానికి వస్తాను. ల్యాప్‌టాప్‌లో చోటు కోసం ఫొటోలను బయటి డిస్కుకు తరలించి, ల్యాప్‌టాప్‌లో చెరిపివేస్తే, ఆ క్షణం నుంచి వాటికి ఉన్నది ఒకే ఒక్క ప్రతి. ఆ డిస్కు పాడైతే ఇంకెక్కడా లేవు. చాలామంది దీనిని బ్యాకప్ అనుకుంటున్నారు. అది బ్యాకప్ కాదు, చోటు మార్పు మాత్రమే. వారంటీ ఉందిగదా అంటే, వారంటీ కింద వచ్చేది కొత్త డిస్కు, అందులో మన ఫొటోలు ఉండవు. కొన్ని మోడళ్లలో డేటా రికవరీ సేవ కూడా కలిపి ఇస్తారు, అయినా దాని మీద భరోసా పెట్టుకోకూడదు. పైగా కొన్ని పోర్టబుల్ డిస్కుల్లో యూఎస్‌బీ కనెక్టరును నేరుగా డిస్కు బోర్డు మీదే బిగిస్తారు కాబట్టి, ఆ కనెక్టరు పోయినప్పుడు లోపలి డిస్కును తీసి వేరే కేసులో పెట్టి చదవడం కూడా సాధ్యపడదు. అందువల్ల నాలుగు టెరాబైట్ల డిస్కు ఒకటి కొనడానికి బదులు రెండు టెరాబైట్ల డిస్కులు రెండు కొనడం, ఒకదానిని మరొకదానికి ప్రతిగా ఉంచడం, వీలైతే రెండవదాన్ని వేరే ఇంట్లో పెట్టడం మేలని నా దృఢమైన అభిప్రాయం. ఇలా దాచడానికి ఎస్‌ఎస్‌డీ కంటే హార్డ్ డిస్కే నయం. ఎస్‌ఎస్‌డీని ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో ఉంచితే చిప్పుల్లోని విద్యుదావేశం నెమ్మదిగా తగ్గి సమాచారం చెడే అవకాశం ఉంది. హార్డ్ డిస్కునైనా కొన్ని నెలలకు ఒకసారి తగిలించి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి.

బ్యాంకు కాగితాలు, ఆధార్ ప్రతులు వంటివి డిస్కులో పెట్టుకొని ప్రయాణాలు చేసేవారు పాస్‌వర్డ్ రక్షణ పెట్టుకోవాలి. విండోస్ ప్రో వారికి డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ అందులోనే ఉంది, హోమ్ ఎడిషన్ వారు అదే పని చేసే, ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్ వాడుకోవచ్చు. పాస్‌వర్డ్, రికవరీ కీ రెండూ పోతే ఎవరూ తెరవలేరు కాబట్టి వాటిని కాగితం మీద రాసి ఇంట్లో దాచాలి.

కొనే చోటు విషయంలో నేను సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్ దుకాణాలకు వెళ్లడానికే ఇష్టపడతాను. ధర బేరమాడవచ్చు, సీలు చూసుకోవచ్చు, జీఎస్టీ బిల్లు చేతికి వస్తుంది. ఆన్‌లైన్‌లో కొనేవారు అమ్మకందారు పేరు చూసుకోవాలి. వెయ్యి, రెండు వేల రూపాయలకు 16 టెరాబైట్ల ఎస్‌ఎస్‌డీ అని కనిపిస్తే దాని జోలికి పోవద్దు. అటువంటి పెట్టెల్లో చిన్న మెమరీ కార్డును అమర్చి, పరిమాణం పెద్దదిగా కనిపించేలా మార్చి అమ్ముతారు, అసలు చోటు నిండాక రాసిన ఫైళ్లు చెడిపోతాయి. అమెరికాలో ఉన్న అబ్బాయి చేతనో, అక్క చేతనో తెప్పించుకునేవారు ఆ డిస్కు వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో తయారీదారు వెబ్‌సైటులో సీరియల్ నంబరుతో చూసి మరీ తెప్పించుకోవాలి.

చివరకు నేను తీసుకున్నవి రెండు టెరాబైట్ల హార్డ్ డిస్కులు రెండు, ఎడిటింగ్ కోసం ఒక టెరాబైటు ఎస్‌ఎస్‌డీ ఒకటి. తెచ్చిన రోజునే ప్రతిదానినీ హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్షా ప్రోగ్రాముతో చివరిదాకా నింపి, తిరిగి చదివించాను. హార్డ్ డిస్కుకు దీనికి చాలా గంటలు పడుతుంది, అయినా ప్రకటించిన చోటంతా నిజంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఇదే నమ్మదగిన మార్గం. ఆ తరువాత డిస్కు ఆరోగ్యాన్ని చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాములో రెండు హార్డ్ డిస్కుల రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయినందున వేరే చోటికి మార్చినవి), పెండింగ్ సెక్టార్లు (చెడ్డాయేమోనని అనుమానంలో ఉన్నవి) అన్న వరుసలు చూశాను. కొత్త డిస్కులో ఆ రెండు చోట్లా సున్నాయే ఉండాలి. ఇంకేదైనా అంకె కనిపిస్తే, దుకాణం తిరిగి తీసుకునే గడువు ముగియకముందే బిల్లుతో సహా వెళ్లి మార్పించుకోవాలి.