ఇంటిపేరు ముందుంటే లాస్ట్ నేమ్ ఎలా అవుతుందట!

నిన్ననే పాస్‌పోర్టు చేతికొచ్చింది. పోలీసు వెరిఫికేషన్ గురించి అందరూ భయపెట్టారు గానీ, కానిస్టేబుల్ వచ్చి కాగితాలు చూసి సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. స్లాటు కూడా తేలిగ్గానే దొరికింది. నన్ను ఏడిపించినవి పేరు రాసే రెండు గడులే.

నా పేరు పెనుమర్తి వెంకట నాగేశ్వరరావు. పదో తరగతి సర్టిఫికెట్‌లోనూ ఆధార్‌లోనూ ఇదే వరుస. నెట్ సెంటర్ కుర్రాడు సర్‌నేమ్ గడిలో ‘నాగేశ్వరరావు’, గివెన్ నేమ్ గడిలో ‘పెనుమర్తి వెంకట’ అని కొట్టాడు.

"ఇదేంటి బాబూ, సర్‌నేమ్ అంటే ఇంటిపేరు కదా?"

"సర్‌నేమ్ అన్నా లాస్ట్ నేమ్ అన్నా ఒకటే అంకుల్. మీకు లాస్ట్‌లో ఉన్నది నాగేశ్వరరావే కదా!" అంటూ సబ్మిట్ నొక్కేశాడు. డబ్బులు మాత్రం ముందే తీసుకున్నాడు.

పాస్‌పోర్టు ఆఫీసు కౌంటర్‌లో అమ్మాయి హాలంతా వినిపించేలా అడిగింది: "మీ నాన్నగారి సర్‌నేమ్ పెనుమర్తి, మీది నాగేశ్వరరావు ఎలా అయింది సార్?" క్యూలో నా పాత స్టూడెంటొకడు కిసుక్కున నవ్వాడు. జీవితమంతా బడిలో సమాసాలు, సంధులు చెప్పినవాణ్ణి! తల కొట్టేసినట్టయింది. అక్కడికక్కడే మార్పించాను. మీవైపు తిప్పి ఉండే స్క్రీన్‌లో ప్రతి అక్షరం చూసుకున్నాకే సరేననండి, వెనకవాళ్ళు ఎంత గొణిగినా సరే.

ఇంగ్లీషువాళ్ళు ఇంటిపేరు చివర రాస్తారు కాబట్టి దాన్ని లాస్ట్ నేమ్ అన్నారు. కొన్ని ఫారాల్లో ఫ్యామిలీ నేమ్ అంటారు. ఎక్కడ రాసినా అది ఇంటిపేరే. ఫస్ట్ నేమ్, గివెన్ నేమ్, ఫోర్‌నేమ్ అన్నీ మనకు పెట్టిన పేరే. చైనా, జపాన్, హంగరీ వాళ్ళు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. అంతెందుకు, పాస్‌పోర్టులో ఫొటో కింద మెషిన్ చదివే వరుసలో కూడా ముందు వచ్చేది సర్‌నేమే! ఆ కుర్రాడికి తీసుకెళ్ళి చూపించాలని ఉంది. పాన్ ఫారంలో మిడిల్ నేమ్ గడి వేరే ఉంటుంది. అక్కడ ఇనిషియల్స్ ఒప్పుకోరు, పొడుగ్గానే రాయాలి.

మా బావమరిది పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీ, గివెన్ నేమ్‌లో ఒకే ఒక్క మాట. అలాంటివాళ్ళకు విజిట్ వీసా ఇవ్వబోమని 2022 నవంబరులో యూఏఈ నిబంధన పెట్టింది. అతనేమో దుబాయ్‌లో కూతురి దగ్గరికి వెళ్ళాలి. రీఇష్యూ ఫారం నేనే దగ్గరుండి నింపిస్తానన్నాను.