ఆదివారం మొత్తం ఇన్‌స్టాల్‌కే

ఈ రోజు మధ్యాహ్నం నిద్ర గోవిందా. మా పిన్ని కూతురు హిందూపురంలో బీకాం పూర్తిచేసి, మొన్ననే ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో ఒక పీజీలో దిగి డేటా ఎనలిటిక్స్ కోర్సులో చేరింది. మొదటి క్లాసులోనే "ఇంటికెళ్లి పైథాన్ ఇన్‌స్టాల్ చేసుకుని రండి" అన్నారట. పైథాన్ అంటే ప్రోగ్రాములు రాసే భాష, దాన్ని ఎలా పెట్టుకోవాలో మాత్రం చెప్పలేదట. పెళ్లి భోజనానికి పిలిచి విస్తరాకు మీరే కుట్టుకోండి అన్నట్టు. పొద్దున్నే ల్యాప్‌టాప్ సంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చేసింది. అక్క రోజూ పైథాన్‌తోనే కదా బతికేది, పది నిమిషాల్లో తేల్చేస్తుందని పిల్ల ధీమా. నేనేమో తనంతట తాను ఎక్కడ ఆగుతుందో చూద్దామని చెయ్యి పెట్టకుండా పక్కన కూర్చున్నా.

మొదటి స్క్రీన్ దగ్గరే పడింది. పైన పెద్దగా 'ఇన్‌స్టాల్ నౌ' అని ఉంటుంది, అడుగున చిన్న టిక్ బాక్సులు రెండుంటాయి, అందులో పైథాన్‌ని పాత్‌లో (పేరు కొడితే ప్రోగ్రామ్ కోసం సిస్టమ్ వెతికే చోట్ల జాబితాలో) చేర్చమనే బాక్సుకి టిక్ ఉండదు. ఎవరైనా పెద్దదే నొక్కుతారు, ఇదీ అదే నొక్కింది. సక్సెస్‌ఫుల్ అని వచ్చింది, మొహం వెలిగిపోయింది. తర్వాత కమాండ్లు కొట్టే నల్ల విండో తెరిచి 'పైథాన్' అని కొడితే యాప్ స్టోర్ తెరుచుకుని, పైథాన్ ఇన్‌స్టాల్ చేసుకోమంది.

"ఏమక్కా ఇది, ఇప్పుడే కదా చేసింది!"

ఆ బాక్సుకి టిక్ లేకపోవడానికి కారణం లేకపోలేదు. సిస్టమ్‌లో అప్పటికే ఇంకో వెర్షన్ ఉంటే, దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాములు తికమక పడతాయని ఆ జాగ్రత్త. సరే, ఒప్పుకుంటా. కానీ అలా రెండు మూడు వెర్షన్లు పెట్టుకునేవాళ్లకి ఆ బాక్సు ఎక్కడుందో, ఎప్పుడు తియ్యాలో తెలుసు. కొత్తగా వచ్చిన పిల్ల ల్యాప్‌టాప్‌లో చెడిపోవడానికి ఇంకో పైథాన్ ఎక్కడుంది? తెలిసినవాళ్ల సౌకర్యం కోసం తెలియనివాళ్లని ఇబ్బంది పెట్టడం ఇది. 2012లో పైథాన్ 3.3 వెర్షన్‌తో వచ్చిన 'పీవై' లాంచర్ (పైథాన్‌ని తనే వెతికి తెరిచే చిన్న ప్రోగ్రామ్) ఉంది కాబట్టి, పాత్ సంగతి పక్కన పెట్టి ఉత్త 'పీవై' అని కొట్టమన్నా. తెరుచుకుంది. క్లాసులో రాసుకున్న నోట్సులో మాత్రం ఆ మాటే లేదు.

అక్కడితో అయిపోతే బాగానే ఉండును. మూడు బాణం గుర్తులొచ్చాయి, అంటే పైథాన్ లోపలికి వచ్చేసినట్టు. హలో అనే తన ప్రోగ్రామ్ ఫైల్ నడపడానికి వాటి పక్కనే 'పైథాన్ హలో డాట్ పీవై' అని కొట్టింది, సింటాక్స్ ఎర్రర్. ఆ లైను కొట్టాల్సింది బయట నల్ల విండోలో, లోపల పైథాన్‌కి కాదు అని దానికెలా తెలుస్తుంది, చూడ్డానికి రెండూ నలుపే! పోనీలే అని ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసింది. విండో ఇలా మెరిసి అలా మాయమైంది. నిజానికి ప్రోగ్రామ్ చక్కగా నడిచింది, పనైపోయింది కాబట్టి విండో మూసుకుంది, అంతే. "నాకు రాదేమోలే అక్కా, నాది బీకాం కదా" అంది. ఆ మాటకి నాకు నిజంగా కోపమొచ్చింది, దాని మీద కాదులెండి. ఇంకా ఒక్క లైను ప్రోగ్రామింగ్ కూడా మొదలవలేదు, అప్పుడే తనకి రాదని తేల్చేసుకుంది.

మన కాలేజీల్లో సి భాష నేర్పే పాత సాఫ్ట్‌వేర్ టర్బో సి ఇప్పటికీ ఎందుకు పోవట్లేదో ఈ రోజు కాస్త అర్థమైంది. తొంభైల నాటి సరుకు అని అందరం వెక్కిరిస్తాం కదా, కానీ ఆ నీలం స్క్రీన్ తెరిచి కంట్రోల్ ఎఫ్9 కొడితే నడుస్తుంది, ఆల్ట్ ఎఫ్5 కొడితే జవాబు కనిపిస్తుంది. రాయడం, నడపడం, చూడడం అన్నీ ఒకే చోట. ల్యాబ్‌లో అరవై సిస్టమ్‌లుంటే అరవై రకాల తలనొప్పులు ఉండవు. ల్యాబ్ చూసుకునే మేడం దాన్ని వదలమంటే ఎందుకు వదులుతుంది?

పైథాన్ వాళ్లకి ఈ గోల పట్టలేదని కూడా అనలేం. పైథాన్‌ని తయారుచేసిన గిడో వాన్ రోసమ్ 1999లోనే ప్రోగ్రామింగ్ అందరికీ రావాలని ఒక ప్రతిపాదన పెట్టి అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ దార్పా నుంచి నిధులు తెచ్చాడు, పైథాన్‌తో పాటే వచ్చే ఐడిల్ ఎడిటర్ పెరిగింది ఆ రోజుల్లోనే. చిన్న చిన్నవి ఇప్పటికీ దిద్దుతున్నారు. నేను నేర్చుకునేటప్పుడు బయటికి రావడానికి 'ఎగ్జిట్' అని కొడితే, బ్రాకెట్లు కూడా పెట్టమని పాఠం చెప్పేది. 2024లో వచ్చిన 3.13 వెర్షన్ నుంచి ఉత్త ఎగ్జిట్ చాలు.

సాయంత్రం కాఫీ అయ్యాక థానీ పెట్టించా. ఎస్టోనియాలో టార్టూ విశ్వవిద్యాలయంలో, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే తయారైన ఎడిటర్ అది. పైథాన్ దాని లోపలే వస్తుంది, విడిగా ఏమీ పెట్టక్కర్లేదు, పాత్ గొడవ లేదు. పైన రాయడం, ఆకుపచ్చ బటన్ నొక్కితే కింద జవాబు. వేరియబుల్స్ కిటికీ తెరిచి పెడితే ఏ పేరులో ఏ విలువుందో పక్కనే కనిపిస్తుంది. కామర్స్ పిల్ల కదా, అది చూడగానే "లెడ్జర్ లాగుందే" అని, నేను చెప్పకుండానే పీజీ అద్దె, కరెంటు బిల్లు, మెస్ డబ్బు ముగ్గురికి పంచే లెక్క రాసుకుంది. పైసల దగ్గర రౌండ్ చెయ్యడం ఎలా అని అడిగింది కూడా.

వెళ్తూ వెళ్తూ "దీన్ని మా రూమ్మేట్‌కి ఎలా పంపాలక్కా?" అంది. ఫైల్ పంపితే ఆ అమ్మాయి కూడా ఇదంతా పెట్టుకోవాలి. పైఇన్‌స్టాలర్ అనే టూల్‌తో, నొక్కగానే నడిచే ఎగ్జీ ఫైల్ చేసిస్తే యాంటీవైరస్ అనుమానపడినా పడుతుంది. బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే పైఓడైడ్‌తో ఏమైనా కుదురుతుందేమో వచ్చే శనివారం చూడాలి, ఈలోగా వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టమన్నా.