చేతికిచ్చాం అంటే

మంగళవారం, రాత్రి పదిన్నర. అత్తయ్య ఇప్పుడే కళ్లు మూశారు, ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. పొద్దున కోర్టులో జరిగింది రాసుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

నేను ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో వకీలుని, కానీ వారానికి మూడు రోజులే. మంగళ, బుధ, శుక్రవారాలు. రెండేళ్ల కిందట అత్తయ్యకి పక్షవాతం వచ్చింది, కుడివైపు పని చెయ్యదు, మాట ముద్దగా వస్తుంది. మా ఆయన ఉద్యోగం శ్రీకాకుళంలో, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారకుండానే బస్సెక్కుతారు. ఆవిడని చూసుకోవడానికి ఒక ఆయా వస్తుంది, ఒరియాలో మావుసి అంటాం, ఆమె కూడా వారానికి ఆ మూడు రోజులే, అదీ ఒంటిగంట దాకా. ఎండాకాలం ఇక్కడ కోర్టులు పొద్దుటిపూటే నడుస్తాయి కాబట్టి ఈ రెండు నెలలూ నాకు ఊపిరాడుతుంది. మిగతా ఏడాదంతా మధ్యాహ్నం భోజనాల బెల్లు కాకుండానే ఫైలు మూసుకుని ఇంటికి పరిగెత్తడమే.

ఇవాళ నాలుగున్నరకే లేచాను. అత్తయ్యకి మొహం కడిగి, పక్క మార్చి, జావ పట్టించి, మాత్రలు వేసేసరికి ఆరు. ఆవిడకి జావ తాగించడం తొందరపడితే అయ్యే పని కాదు, ఒక్కో చెంచా మింగారని గొంతు దగ్గర చూసి, అప్పుడు రెండోది పెట్టాలి, లేకపోతే పొలమారుతుంది. కోర్టుకి మెడలో కట్టుకునే, ఇస్త్రీ చేసిన బ్యాండ్ కనపడలేదు, వెతికేసరికి అత్తయ్య ఎడమ చెయ్యి ఎత్తి తలుపు వెనక కొక్కేన్ని చూపించారు. అక్కడే ఉంది.

అందరూ అడుగుతారు, ఈ మూడు రోజుల ప్రాక్టీసు ఎందుకు, ఏదైనా ఉద్యోగం చూసుకోవచ్చు కదా అని. ఉద్యోగంలో చేరితే ప్రాక్టీసు వదులుకోవాలి, బార్ కౌన్సిల్ రూల్స్‌లో 49వది అదే చెబుతుంది, జీతానికి ఫుల్‌టైం పని చేస్తూ వకీలుగా ఉండకూడదు. పాఠాలు చెప్పుకోవచ్చు, పత్రికలకి రాసుకోవచ్చు అని 51లో ఉంది. వృత్తికి అడ్డురాని పార్ట్‌టైం ఉద్యోగమైతే స్టేట్ బార్ కౌన్సిల్ అనుమతి తీసుకుని చేసుకోవచ్చని 52లో ఉంది. మంచం మీద ఉన్న మనిషిని చూసుకుంటూ వకీలు పనే సగం చేసే వాళ్ల గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క లేదు. 1996లో సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. మహారాష్ట్రలో ఒక డాక్టరు గారు తన వైద్యం మానకుండానే వకీలుగా ఎన్‌రోల్ అవుతానంటే అక్కడి బార్ కౌన్సిల్ కుదరదంది, ఆయన ఢిల్లీ దాకా వెళ్లారు, అక్కడా కుదరదనే అన్నారు. వకీలు పనికి మనిషి ధ్యాస పూర్తిగా కావాలి, రెండు పడవల మీద కాళ్లు పెడితే నష్టపోయేది క్లయింటే అని దాని సారాంశం. ఆ తీర్పు నేను చాలాసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ అది నా గురించే రాసినట్టుంటుంది, అందులోనూ పోయిన నెల జరిగిన దాని తర్వాత.

పోయిన నెల ఒక బుధవారం నాకు లీగల్ ఎయిడ్ కింద వచ్చిన మనోవర్తి కేసు ఉంది. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని పెడతారు, 1987 లీగల్ సర్వీసెస్ చట్టంలో 12వ సెక్షన్, అలా వచ్చిందామె. పాతపట్నం అవతల పల్లె పుట్టిల్లు, ఇటు ఇచ్చారు, భర్త వదిలేశాడు, ఇద్దరు పిల్లలు. ఆ రోజు అత్తయ్యకి జ్వరం వచ్చి నేను కదల్లేకపోయాను. ఒక జూనియర్‌కి చెప్పాను, ఆ అబ్బాయి వేరే కోర్టు హాల్లో ఇరుక్కుపోయాడు. పిలిచినప్పుడు మా తరఫున లేచి నిలబడ్డవాళ్లు లేరు, వాయిదా పడింది. ఆమె కూలి పోగొట్టుకుని, చిన్నపిల్లని చంకనెత్తుకుని, ఆటో డబ్బులు పెట్టుకుని వచ్చి కోర్టు లేచేదాకా వరండాలో కూర్చుని వెళ్లింది. తప్పు నాది. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది.

సరే, ఇవాళ్టి సంగతి.

మా సీనియర్ దగ్గర నాకు ప్రత్యేకంగా ఒక పని ఉంటుంది, పాత తెలుగు కాయితాలు చదివి ఒరియాలోకి, ఇంగ్లీషులోకి తిప్పడం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోది. అప్పటి దస్తావేజులు తెలుగులో ఉంటాయి, ఆ తర్వాతి భూమి రికార్డులు ఒరియాలో. ఇవాళ చూసింది 1931 నాటిది, పైన ఐదో జార్జి బొమ్మ, మడతల దగ్గర చిల్లులు పడి, ఎవరో వెనక పల్చటి కాయితం అంటించారు. రాత గొలుసుకట్టు. కలం ఎత్తకుండా ఒక అక్షరం తోక పట్టుకుని రెండో అక్షరంలోకి పోతుంది, తలకట్టుకీ గుడికీ తేడా తెలియదు, ‘వ్రాయించి యిచ్చిన’ అనేది మొత్తం ఒక తీగ చుట్టుకున్నట్టుంటుంది. మా తాతగారు కరణీకం చేసేవారు, చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని చదవడం అలవాటైంది కాబట్టి నాకు వస్తుంది. మా బార్‌లో ఇంకా ఒకరో ఇద్దరో పెద్దవాళ్లకి వచ్చు, వాళ్లకిప్పుడు చూపు ఆనడం లేదు. దక్షిణపు హద్దు ‘గెడ్డ’, అంటే వాగు, అని ఉంది, ఆ గెడ్డ ఇప్పుడు ఉందో లేదో చూసుకోమని క్లయింటుకి చెప్పాను. ముప్పై ఏళ్లు దాటిన కాయితం ఉండాల్సిన వాళ్ల దగ్గరే ఉంటే, సంతకం ఆ మనిషిదే అని కోర్టు అనుకోవచ్చు. పాత సాక్ష్య చట్టంలో 90వ సెక్షన్, కొత్త దాంట్లో 92. కానీ పేరు కలవాలి కదా. ఒరియాలో మన ‘వ’ని ‘బ’ అంటారు, రికార్డులోనూ అలాగే ఎక్కుతుంది, మన వెంకటేశాలంతా అక్కడ బెంకటేశాలు. పైగా మనం ముందు పెట్టుకునే ఇంటిపేరు అక్కడ చివరికి పోతుంది. దస్తావేజులో ఉన్న ముత్తాతా, ఖతియానులో, అంటే ఒరియా భూమి హక్కుల రికార్డులో ఉన్న మనిషీ ఒకరు కాదు పొమ్మని అవతలి వాళ్లు వాదించడానికి ఆ ఒక్క అక్షరం చాలు.

అది రాసుకుంటుండగా బెంచి క్లర్కు మనిషిని పంపారు, సివిల్ కోర్టులో దుబాసీ పని ఉంది రమ్మని. జడ్జి గారు కటక్ వైపు నుంచి ఈ మధ్యే బదిలీ మీద వచ్చారు, తెలుగు తెలియదు. సాక్షికి ఒరియా రాదు. నాకు ఆ కేసులో ఏ పక్షంతోనూ సంబంధం లేదు కాబట్టి నన్ను పిలిచారు. సాక్షిలాగే దుబాసీ కూడా ప్రమాణం చెయ్యాలి, చేశాను. (ఊరు, మనుషుల వివరాలు మార్చి రాస్తున్నాను.)

సాక్షి డెబ్బై దాటిన ముసలమ్మ. ఒంటిమీద నేత చీర, కాళ్లకి చెప్పుల్లేవు, బోనులోకి వచ్చేముందు ఆ మెట్టుకి దణ్ణం పెట్టింది. సివిల్ దావాల్లో ముందు సాక్ష్యం అఫిడవిట్‌గా రాసి ఇచ్చేస్తారు, నోటితో చెప్పేది అవతలి వకీలు ప్రశ్నించే క్రాస్‌లోనే. ఆమె అఫిడవిట్ ఒరియాలో ఉంది, అడుగున వేలిముద్ర. అవతలి వకీలు అడిగారు, భూమిని మీరు ఫలానా సంవత్సరంలో ఫలానా వారికి హస్తాంతర చేశారా లేదా అని. ఆయన వాడిన హస్తాంతర అన్న మాటని నేను తెలుగులో ఏం చెప్పాలా అనుకునేలోపు, భూమి అన్న ముక్క, ఆ మనిషి పేరు చెవిన పడగానే ముసలమ్మ తనే అందుకుంది.

“ఇచ్చినాం బాబూ, ఆడి సేతికే ఇచ్చినాం.”

కోర్టు హాల్లో సగం మందికి తెలుగు కాస్తో కూస్తో వచ్చు. అవతలి వకీలు గారికీ వచ్చు, ఆయన వెంటనే “రాసుకోండి, ఒప్పుకుంది” అన్నారు. హస్తం అంటే చెయ్యే. చేతికిచ్చాం అన్న దాన్ని మాటకి మాట తిప్పితే హస్తాంతర అనే వస్తుంది. ఒరియా కాయితంలో ఆ మాట ఎక్కితే భూమి హక్కు వదులుకున్నట్టే. మన పల్లెల్లో చేతికివ్వడం అంటే అది కాదు. కౌలుకిచ్చినా చేతికివ్వడమే, తాకట్టు పెట్టినా చేతికివ్వడమే, కొడుకు పట్నం పోతూ చెల్లెలి మొగుణ్ని కాస్త చూసుకోమన్నా చేతికివ్వడమే. వీటిలో ఏదో నాకు తెలియదు. తెలిసినా చెప్పడానికి నాకు హక్కు లేదు, నేను దుబాసీని, ఆమె వకీలుని కాదు.

నా చేతులు వణికాయి, నిజంగానే. నేను ఒరియాలో జడ్జి గారికి చెప్పాను, సాక్షి వాడిన మాటకి తెలుగులో ఒకటి కంటే ఎక్కువ అర్థాలున్నాయి, ప్రశ్న కూడా నేనింకా ఆమెకి చెప్పలేదు, కోర్టువారు అనుమతిస్తే ప్రశ్న తెలుగులో చెప్పి జవాబు మళ్లీ తీసుకుంటాను అని. అవతలి వకీలు గట్టిగా అభ్యంతరం చెప్పారు, దుబాసీ సాక్షికి అందిస్తోందని. ఆయన అలా అనడం ఆయన పని, నాకు కోపం లేదు. జడ్జి గారు కొంచెం సేపు కలం పక్కన పెట్టి, ఆమె మొదట అన్న తెలుగు మాట అన్నట్టే ఒరియా లిపిలో రాయించారు, ప్రశ్న, జవాబు రెండూ యథాతథంగా ఎక్కించమన్నారు. అలా రాయించే అధికారం కోర్టుకి ఉంది. తర్వాత నన్ను అడగమన్నారు.

నేను ఆమె వైపు తిరిగి, ఒక్క అక్షరం కలపకుండా, “అమ్మా, భూమి మీద మీకున్న హక్కు ఆయనకి ఇచ్చేశారా అని అడుగుతున్నారు” అన్నాను.

ముసలమ్మ నా మొహంలోకి చూసింది. నేను బూతు మాట ఏదో అన్నట్టు చూసింది.

“హక్కేటమ్మా! మా మాంగారి బూవి అది. కవులుకిచ్చినాం. ఏటేటా ఇంటికొచ్చి గింజలు కొల్చీవోడు కాదేటి? కుంచం మాదే.”

నేను ఒరియాలో చెప్పాను. కౌలు, ఏటా ధాన్యం కొలిచి ఇచ్చేవాడు, కొలిచే కుంచం సాక్షిది. కుంచం దగ్గర జడ్జి గారు ఆగి అదేమిటన్నారు, ధాన్యం కొలిచే పాత్ర అన్నాను, రాయించారు. కేసు ఎటు పోతుందో నాకు తెలియదు. అవతలి వాళ్ల దగ్గర కాయితం ఉండొచ్చు, ముసలమ్మ చెప్పేది తప్పే కావచ్చు. కానీ ఆమె అన్నది ఆమె అన్నట్టుగా కాయితం మీదకి వెళ్లింది. వరండాలో కొడుకు భుజం పట్టుకుని మెట్లు దిగుతూ నన్ను చూసి “పోనొస్తానమ్మా” అని మాత్రం అంది.

వ్యవహారంలో ఉన్న భాషే రాతలో ఉండాలని గిడుగు రామమూర్తి పంతులు గారు పట్టుబట్టింది ఈ ఊళ్లో పాఠాలు చెబుతూనే. ఊరు ఒరిస్సాలో కలిసిన 1936లోనే ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఏటా ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న దండలు వేసుకుంటాం. ‘సేతికే ఇచ్చినాం’ అన్న మాట ఇవాళ కోర్టు రికార్డులో చేరిందంటే ఆయనకి నచ్చేదనిపించింది.

బార్ రూంలో మంచినీళ్లు తాగి కూర్చున్నాను. గోడ మీద మధుబాబు, అంటే ఒరియావాళ్లలో మొదటి వకీలు మధుసూదన్ దాస్ గారి ఫోటో, ఏప్రిల్ 28న లాయర్స్ డేకి వేసిన దండ ఎండిపోయి ఇంకా అలాగే ఉంది. ఆయన పెంచుకున్న కూతుళ్లలో ఒకరు సుధాంశుబాల హజ్రా. లా చదివి కూడా, ఆడమనిషి అన్న కారణంతో 1921లో పాట్నా హైకోర్టు ఆమెకి ప్లీడరు సన్నదు ఇవ్వలేదు. ఆడవాళ్లు వకీళ్లు కావచ్చని చట్టం వచ్చింది 1923లో. అంత పోరాడి తెచ్చిపెట్టిన దాన్ని నేను మూడు రోజులకి కుదించుకున్నానని ఇదివరకు అనిపించేది. ఇవాళ ఎందుకో అలా అనిపించలేదు. ఇవాళ ఆ అరగంట నా ధ్యాసలో వేరే ఏదీ లేదు, అత్తయ్య కూడా లేరు.

ఒంటిగంటకి ఐదు నిమిషాల ముందు ఇల్లు చేరాను. మావుసి చెప్పులు వేసుకుని గుమ్మంలో ఉంది. అత్తయ్య పొద్దుట్నుంచీ ఏదో అడుగుతున్నారట, ‘గ...గ...’ అని, గ్లాసనుకుని నీళ్లిచ్చిందట, గౌను అనుకుని బట్టలు మార్చిందట, కాదని తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారట. నేను వెళ్లి పక్కన కూర్చుని ఒక్కో మాటా అడుగుతూ పోయాను. గంజి? కాదు. గడియారం? కాదు. పది నిమిషాలకి ఆవిడే ఎడమ చేత్తో కిటికీ చూపించారు. గాలి. కిటికీ తెరవమంటున్నారు. తెరిస్తే వడగాలి కొట్టింది, అయినా ఆవిడ మొహం తేటపడింది.

సాయంత్రం మనోవర్తి కేసు ఆమె ఫోన్ చేసింది. “ప్లీడరమ్మా, శుక్రవారం మీరు ఉంటారా?” ఉంటానమ్మా, కచ్చితంగా ఉంటాను అన్నాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, శుక్రవారం మావుసి మేనకోడలి పెళ్లి, రానని పోయిన వారమే చెప్పింది. పాతపట్నంలో ఉన్న చిన్నత్తయ్యకి ఫోన్ చేశాను, గురువారం సాయంత్రమే వచ్చి పడుకుంటాను, మా అక్కకి జావ నేను పట్టలేనా అంది. జావ చెంచా చెంచాకీ ఆగాలని, గొంతు చూడాలని రెండుసార్లు చెప్పాను. మాత్రల డబ్బా మూత మీద వేళలు పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. శుక్రవారం పొద్దున ఆరింటికి ఆటో చెప్పాలి.