బ్రౌన్ దొర తీర్పులు చెప్పిన ఊళ్లో

బ్రౌన్ దొర అనగానే మనకు సి.పి. బ్రౌన్ గుర్తొస్తాడు. ఈస్టర్ సెలవుల్లో నేను వెతుక్కుంటూ వెళ్లింది ఇంకో బ్రౌన్‌ని. పేరు థామస్ అలెగ్జాండర్ బ్రౌన్. ఆస్ట్రేలియా పాఠకులకు మాత్రం ఆయన కలంపేరుతో తెలిసిన నవలా రచయిత రోల్ఫ్ బోల్డర్‌వుడ్.

సిడ్నీ నుంచి బ్లూ మౌంటెన్స్ ఎక్కి దిగి, లిత్‌గో, మడ్జీ దాటితే గల్గాంగ్ వస్తుంది. దాదాపు 300 కిలోమీటర్లు. మా బావమరిది డ్రైవ్ చేశాడు. వాడికి సాహిత్యం పట్టదు, దారిలో దొరికే పై (మాంసం కూరిన పేస్ట్రీ) మాత్రం పడుతుంది.

1870లో ఇక్కడ బంగారం బయటపడింది. ఆ మరుసటి ఏడాది బ్రౌన్ మేజిస్ట్రేట్‌గా వచ్చాడు. అంతకుముందు గొర్రెలు మేపి, వరసగా వచ్చిన కరువులకు చితికిపోయినవాడు. ఉద్యోగం అవసరమై చేసినదే. గోల్డ్ కమిషనర్ కూడా ఆయనే కాబట్టి, ఏ గొయ్యి ఎవరిది, ఎవరు ముందు తవ్వారు అనే తగాదాలన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఆయన్ని దుయ్యబట్టిన స్థానిక పత్రిక సంపాదకుడు పరువునష్టం కేసులో జైలుకు కూడా వెళ్లాడు. రచయిత అయ్యుండి ఇంకో రాతగాడి మీద అంత పట్టుదలేమిటో!

మెయిన్ స్ట్రీట్ ఇప్పటికీ ఇరుకే, వంకరే. అక్కడి మ్యూజియంలో 1872లో మెర్లిన్, బేలిస్ అనే ఫొటోగ్రాఫర్లు తీసిన ఫొటోలున్నాయి. ప్రతి దుకాణం ముందూ యజమాని, పనివాళ్లు, పిల్లలు బిగుసుకుని నిలబడ్డారు. ఆ ఫొటోల గాజు నెగెటివ్‌లు 1951లో సిడ్నీలో ఒక షెడ్డులో దొరికాయట. ఫొటోలో చూసిన దుకాణం బయటికి రాగానే ఎదురుగా కనిపిస్తుంటే బావమరిది కూడా పై సంగతి మర్చిపోయాడు.

అక్కణ్నుంచి డబ్బో అనే ఊరికి వెళ్లాం. 1881లో బ్రౌన్‌కి బదిలీ అయింది ఇక్కడికే. ఇక్కడ ఉండగానే ఆయన నవల 'రాబరీ అండర్ ఆర్మ్స్' 1882, 83లలో వారపత్రిక సిడ్నీ మెయిల్‌లో సీరియల్‌గా వచ్చింది. కథ చెప్పేది డిక్ మార్స్టన్ అనే దోపిడీదారు. ఉరిశిక్ష పడి, జైల్లో కూర్చుని తన సంగతంతా పల్లెటూరి మాటల్లో చెబుతాడు. పాత డబ్బో జైలు ఇప్పుడు మ్యూజియం. అక్కడ ఎనిమిది మందిని ఉరితీశారు. ఉరికొయ్య చూస్తూ మావాడు అడిగాడు:

"బావా, జడ్జిగారే దొంగని హీరో చేస్తే ఎట్లా?"

"హీరో చెయ్యలేదురా, మాట్లాడనిచ్చాడు. కోర్టులో అంతసేపు వినే ఓపిక ఎవరికుంటుంది?"

రాత్రి మోటెల్లో ఆయన జ్ఞాపకాల పుస్తకం 'ఓల్డ్ మెల్‌బోర్న్ మెమొరీస్' ఫోన్‌లో తిరగేశాను. 1884లో వచ్చింది. పద్దెనిమిదేళ్లయినా నిండకుండానే విక్టోరియాలో పోర్ట్ ఫెయిరీ దగ్గర పశువులు మేపడానికి భూమి పట్టిన రోజుల గురించి. ఆ భూమి అక్కడి ఆదివాసులైన గుండిచ్‌మారా ప్రజలది. వాళ్లతో జరిగిన పోరాటానికి 'యుమెరల్లా యుద్ధం' అని ఒక అధ్యాయమే ఉంది. పోయిన పశువులు, కాపలా, భయం, గుర్రాల మీద వెంటపడటం... అంతా పశువుల ఆసామి వైపు నుంచే. కల్పించిన దొంగకి ఒక నవలంతా ఇచ్చిన మనిషి, నిజంగా ఎదురుపడి పోరాడిన వాళ్లకి ఆ పాటి చోటివ్వలేదు. నవల మీద నా ఇష్టం తగ్గలేదు గానీ ఆ అధ్యాయం మింగుడుపడలేదు.

"అయితే పోర్ట్ ఫెయిరీ కూడా చూడాలంటావా?" అన్నాడు మావాడు. సిడ్నీ నుంచి వెయ్యి కిలోమీటర్ల పైనే. డిసెంబర్ సెలవులకి అనుకున్నాం. ఈసారి పెట్రోల్ నాదట.