లాటినో విద్యార్థులకు షుగర్ ముప్పు: ముందు గ్లాసు సంగతి చూడండి

అమెరికాలో పెద్దవాళ్లలో సుమారు 40 శాతం మందికి జీవితకాలంలో టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం ఉందనీ, లాటినోల్లో, అంటే మెక్సికో లాంటి లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నవాళ్లలో, అది సగం దాటుతుందనీ అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క. ఈ మాట వినగానే నెపం మెక్సికన్ వంట మీదకు నెట్టేస్తారు. అది అన్యాయం. చిన్న మొక్కజొన్న టోర్టియాలో (పల్చటి రొట్టె) పిండిపదార్థం 12 గ్రాములకు మించదు, అరకప్పు ఉడికిన నల్ల చిక్కుళ్లలో 7 గ్రాముల పీచు ఉంటుంది. రెండు టోర్టియాలు, చిక్కుళ్లు, నాగజెముడు ముక్కల కూర అంటే మంచి భోజనమే.

చిక్కంతా క్యాంపస్‌లో మొదలవుతుంది. పొద్దున ఏమీ తినరు. మధ్యాహ్నం మైదా బరిటో: పైన చుట్టిన టోర్టియాలోనే 50 గ్రాముల దాకా పిండిపదార్థం, లోపల అన్నం వేరే. పక్కన 591 మి.లీ. కోలా సీసా, అందులో చక్కెర 65 గ్రాములు, అంటే 16 టీస్పూన్లు. పీచు లేని ఆ తీపి చకచకా రక్తంలోకి ఎక్కుతుంది, ఆకలి మాత్రం తీరదు.

అందుకే ముందు పానీయం మార్చాలి. నీళ్లు చప్పగా అనిపిస్తే హమాయికా అనే మెక్సికన్ పానీయం ఇంట్లోనే కాచుకోవచ్చు. అది మన ఎర్ర గోంగూర జాతి పూలదే. లీటరుకు రెండు టీస్పూన్ల చక్కెర చాలు. తర్వాత బరిటోలో అన్నం సగం చేసి, చిక్కుళ్లు రెట్టింపు అడగాలి.

బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు సూచిక) 25 దాటిన లాటినో విద్యార్థులు వయసు చిన్నదే కదా అనుకోకుండా ఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) చేయించుకోవాలి. 5.7 నుంచి 6.4 శాతం వస్తే ప్రీడయాబెటిస్, అంటే మధుమేహానికి ముందు దశ. అమెరికాలో చదివే తెలుగు పిల్లలకైతే ఆ బీఎంఐ గీత 23 దగ్గరే.