కరివేపాకు రెబ్బలు, రెండు గంటలు: మోటార్‌హోమ్‌లో కెనడా వెళ్లొచ్చిన నా అనుభవం

నిన్న రాత్రే సియాటెల్ చేరాం. చిరాకు ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా. పడకలు, ఫ్రిజ్ అన్నీ ఉండే అద్దె బండి మోటార్‌హోమ్‌లో అమ్మానాన్నలతో, మా ఆవిడ, పిల్లలతో కెనడాలోని బాన్ఫ్ దాకా పది రోజులు తిరిగొచ్చాం.

కాగితాలు కష్టమేమీ కాదు. మా ఇద్దరికీ గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఇండియా పాస్‌పోర్టుతో పాటు అది చూపిస్తే సరిపోయింది. పిల్లలవి అమెరికా పాస్‌పోర్టులు. అమ్మానాన్నలకు మాత్రం అమెరికా విజిటర్ వీసా ఉన్నా కెనడా వీసా విడిగా తీసుకోవాలి, నెలల ముందే మొదలుపెట్టండి. బండిని కెనడా తీసుకెళ్లొచ్చని అద్దెకిచ్చినవాళ్లు రాసిచ్చే ఉత్తరం, అక్కడ చెల్లే ఇన్సూరెన్స్ కార్డు కూడా ఉండాలి. కౌంటర్‌లో అబ్బాయి "అవేం అక్కర్లేదు" అన్నాడు, నేను పట్టుబట్టి తీసుకున్నా. కెనడా వైపు ఆఫీసర్ బండి గురించి మొదట అడిగింది ఆ ఉత్తరమే!

అసలు అవమానం తిరిగొచ్చేటప్పుడు జరిగింది. కెనడా వైపు సర్రేలో పిన్ని వాళ్లింట్లో భోంచేసి, అమెరికా వైపు బ్లెయిన్ దగ్గర బార్డర్ దాటే పసిఫిక్ హైవే క్రాసింగ్‌కి వచ్చాం. పళ్లు, కూరగాయలు, మొక్కలు, మాంసం ఏమైనా ఉన్నాయా అని అమెరికా ఆఫీసర్ అడిగితే "లేవు" అన్నాను. నిజంగానే లేవనుకున్నా. బండిని పక్కకి పెట్టించి, అందరినీ దింపి, ఫ్రిజ్, అలమరలు, పరుపుల కింద, పిల్లల బట్టల సంచీలు అన్నీ తీసి చూశారు. కారు వేరు, ఇది చక్రాల మీద ఇల్లు, చూడటానికి మూలలు ఎన్నో. పెరుగు డబ్బా వెనక తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు దొరికింది. పిన్ని కుండీలో పెంచుకున్న చెట్టు నుంచి కోసి అమ్మ చేతిలో పెట్టింది. నాకు తెలీదు, అమ్మకి ఆ ప్రశ్న వినపడలేదు.

నిమ్మ, నారింజ చెట్లను చంపే తెగులును మోసుకెళ్లే చిన్న పురుగు కరివేపాకు మీద గుడ్లు పెడుతుందట, అందుకే పచ్చి ఆకు రానివ్వరు. ఫ్లోరిడా తోటలు ఆ తెగులుతో ఎంత నష్టపోయాయో తెలిసినవాణ్ణి, రూల్‌ని తప్పుపట్టను. కానీ డెబ్భై ఏళ్ల మనిషిని ఎండలో నిలబెట్టి, దొంగసరుకు పట్టుకున్నట్టు ఆ గుడ్డ చూపిస్తూ ఇది ఎవరిదని నాలుగుసార్లు అడగాలా? "నా వల్లే అయిందిరా" అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. రెండు గంటలు, 300 డాలర్ల జరిమానా. ముందే చెప్పి ఉంటే ఆకు తీసేసుకుని పంపించేసేవాళ్లు, అంతే.

"చెప్పకపోతే ఎవరు చూస్తారు" అని మనవాళ్లే వాట్సాప్ గ్రూపుల్లో సలహాలిస్తుంటారు. వాళ్ల మాట వినకండి, జరిమానా కట్టేది వాళ్లు కాదు. బార్డర్‌కి ముందు ఎక్కడైనా ఆపి, ఫ్రిజ్ మీరే ఖాళీ చేసి చూసుకోండి, వెనక కూర్చున్న పెద్దవాళ్లని తెలుగులో అడగండి, అనుమానం ఉన్న ప్రతిదీ ఆఫీసర్‌కి చెప్పేయండి. క్యాంప్‌ఫైర్ కట్టెలు కూడా బార్డర్ దాటించొద్దు, ఏ వైపుకి ఆ వైపే కొనుక్కోండి.

పిన్నికి ఇంకా చెప్పలేదు. చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది.