రాము ఇప్పుడు ఎక్కడున్నాడు?

మా బడి జ్ఞాపకాల ఈ సంచికలో ఆటస్థలం గురించి, వార్షికోత్సవాల గురించి రాసేవారు చాలామంది ఉంటారు. నేను మా పదో తరగతి ఇంగ్లీషు మాస్టారు పర్‌ఫెక్ట్ టెన్సులు (అంటే 'హ్యావ్'తో కట్టే క్రియారూపాలు) చెప్పిన తీరు గురించి రాస్తాను. అంత స్పష్టమైన వ్యాకరణ పాఠం నాకు కళాశాలలోనూ దొరకలేదు.

'హ్యావ్ ప్లస్ వీ త్రీ' (హ్యావ్ పక్కన క్రియ మూడో రూపం) అని సూత్రం వల్లె వేయించడం ఆయనకు నచ్చేది కాదు. "రాము హైదరాబాద్ వెళ్ళాడు", "రాము హైదరాబాద్ వెళ్ళి వచ్చాడు" అని బోర్డు మీద రాసి, "రాము ఇప్పుడు ఎక్కడున్నాడు?" అని అడిగేవారు. మొదటి రాము ఇంకా తిరిగి రాలేదు; అతనికి 'హ్యాజ్ గాన్'. రెండో రాము వచ్చేశాడు. అతనికి 'హ్యాజ్ బీన్'. జరిగిన పనికీ ఈ క్షణానికీ ఉన్న బంధాన్ని చూడమనేవారు. వాక్యంలో "నిన్న", "పోయిన ఏడాది" లాంటి మాట పడితే ఆ బంధం తెగినట్టే. అక్కడ 'వెంట్' చాలు.

'హ్యావ్ రిటెన్', 'హ్యావ్ బీన్ రైటింగ్' దగ్గర మాత్రం చాలా రోజులు ఆగారు. మొదటిది రాసిన ఉత్తరాన్ని చూపిస్తుంది, ఎన్ని రాశామో చెబుతుంది. రెండోది రాస్తూ గడిపిన సమయాన్ని చూపిస్తుంది. ఉత్తరం పూర్తయిందో లేదో దానికి పట్టదు. మన చిక్కు ఎక్కడుందో ఆయన ఇక్కడే పట్టుకున్నారు. "ఇప్పుడు రాస్తున్నాను" అన్నా, "పొద్దుటి నుంచి రాస్తున్నాను" అన్నా తెలుగులో క్రియ మారదు. అందుకే 'ఐ యామ్ రైటింగ్ సిన్స్ మార్నింగ్' అన్న తప్పు వాక్యం మన నోట అంత సులువుగా వస్తుంది. "సోమవారం నుంచి", "పదేళ్ళ నుంచి" అని రెండుచోట్లా "నుంచి" కుదురుతుంది కనుక 'సిన్స్ టెన్ ఇయర్స్' అన్న తప్పు కూడా పుడుతుంది. "పదేళ్ళుగా" అని మార్చి చెప్పగలిగితే 'ఫర్' పెట్టమనేవారు. ఇంతకన్నా మంచి చిట్కా నాకు ఇప్పటికీ తెలియదు. "అతను పదేళ్ళుగా తెలుసు" అంటాం గానీ "తెలుస్తున్నాడు" అనం కదా, అలాగే 'హ్యావ్ నోన్' ఉంటుంది, 'హ్యావ్ బీన్ నోయింగ్' ఉండదు అనేవారు. తెలుగు మీద ఇంత నమ్మకంతో ఇంగ్లీషు చెప్పినవారిని నేను మరొకరిని చూడలేదు.

మాస్టారు నేర్పింది బ్రిటిష్ పద్ధతి. అన్నం తిన్నారా అని అడగాలంటే అందులో 'హ్యావ్ యూ ఈటెన్ యెట్?'. అమెరికాలో రోజువారీ మాటల్లో 'డిడ్ యూ ఈట్ యెట్?' అని కూడా అంటారు. రెండూ ఒప్పే. ఈ తేడాను నేటి విద్యార్థులకు తరగతిలోనే చెప్పాలని నా కోరిక, ఎందుకంటే సినిమాల్లో, ఫోనుల్లో వారు రెండు రకాల ఇంగ్లీషునూ వింటున్నారు.